ఒక్క వాయిద్యములో అనేక నాదములు
కంప్యూటరు బేస్ సింథసైజరును గూర్చి ఒక పాఠము

సంఘములలో పాటకు తోడుగా వాయించు యువతీ యువకుల కొరకును, వారిని నడిపించు పెద్దల కొరకును ఈ పాఠము వ్రాయుచున్నాము. ఇంటిలో పెద్దలు, పిల్లలు కలిసి కూర్చుండి చదివిన యెడల మరింత మేలు.

మేమున్న వై.ఎన్.హొసకోట పావగడ తాలూకాలోనిది. ఈ తాలూకా కర్ణాటకలో ఉన్నను మూడు ప్రక్కల ఆంధ్ర ప్రాంతమే. ఇంటిలో తెలుగు, బజారులో కన్నడము వినబడు చోటు ఇది. పని వెదకికొనుచు బెంగళూరు వంటి పట్టణములకు వెళ్లిన మగవారు ఈ ప్రాంతమున అనేకులు. మగవారు వెళ్లిన చోట పాటలో మొదట తగ్గునది క్రింది గొంతు. పై గొంతులు మిగిలినను పాటకు అడుగు నేల లేనట్లు తోచును. అటువంటి చోట్ల పిల్లలు ఒక పాత కంప్యూటరు తెచ్చి, అందులోని బేస్ సింథసైజరుతో ఆ లోటు పూరించుచున్నారు. ఇది మెచ్చుకొనదగిన ప్రయత్నము.

అయితే రెండు ఫిర్యాదులు తరచుగా వినుచున్నాము. మొదటిది: విలంబముగా సాగు పాటకును, చప్పట్లతో సాగు పాటకును ఒకే "ధం ధం" వినబడుచున్నది. రెండవది: ఆ ధ్వనిలో మాటలు మునిగిపోవుటచేత వెనుక కూర్చున్న వృద్ధులు పాడుట మానివేయుచున్నారు. మొదటి ఫిర్యాదుకు పిల్లలు వెదకు మందు ఏమనగా, ఇంకా వందల కొలది తయారు శబ్దములను దింపుకొనుట. దింపుకొన్న వాటిలో నాలుగింటిని వాడి తక్కినవి మరచిపోవుదురు. రెండవ ఫిర్యాదుకు వారియొద్ద మందు లేదు.

మా మనవి ఇది: వైవిధ్యము శబ్దములను కూడబెట్టుటలో లేదు. ఉన్న ఒక్క శబ్దమును ఎట్లు మలచవలెనో తెలిసికొనుటలో ఉన్నది. ఇది తెలిసినవాడు రెండు ఫిర్యాదులకును తానే పరిష్కారము చూడగలడు.

పాఠము ఉద్దేశములు

ఈ పాఠము ముగియునప్పటికి చదువరి: 1. ఒక శబ్దమును మార్చు ముఖ్యమైన అంశములను గుర్తించగలడు. 2. ఒకే సింథసైజరు నుండి ఐదు వేర్వేరు బేస్ నాదములను తయారు చేయగలడు. 3. పాడువారి మాటలకు అడ్డు రాకుండ బేస్‌ను సరిచేయగలడు.

కావలసిన పరికరములు

ఒక కంప్యూటరు, చెవులకు పెట్టుకొను హెడ్‌ఫోను, ఎల్.ఎం.ఎం.ఎస్. అను సాఫ్ట్‌వేరు. ఇది ఉచితముగా దొరకును. విండోసులోను, లినక్సులోను పనిచేయును. దీనిలో ట్రిపుల్ ఆసిలేటర్, ఎల్.బి. 302 అను రెండు వాయిద్యములు కలవు. ఈ పాఠమునకు ఇవి చాలును. వేరొక సాఫ్ట్‌వేరు ఉన్నవారును ఇవే మీటలను దాదాపు ఇవే పేర్లతో చూడగలరు.

తెలిసిన దాని నుండి తెలియని దానికి

ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పిన సూత్రమిది. కాబట్టి మన ప్రాంతములో అందరు ఎరిగిన ఒక వాయిద్యముతో ప్రారంభించెదము.

అనంతపురము సీమలో ఉరుముల నృత్యము ప్రసిద్ధము. ఇటు కన్నడ సీమలో ఆ వాయిద్యమును ఉరుమె అందురు. దీనికి రెండు ప్రక్కల చర్మము ఉండును. ఒక ప్రక్కను పుల్లతో కొట్టుదురు. రెండవ ప్రక్కను వంపు పుల్లతో రుద్దుదురు. రుద్దినప్పుడు "ఊం... ఊఁవ్" అని మూలుగువంటి మంద్ర నాదము పుట్టి, పైకి జారి, తిరిగి క్రిందికి వచ్చును. వాయిద్యము ఒక్కటే. పుల్ల వేగము, ఒత్తిడి మారిన కొలది ధ్వని మారుచున్నది. కంప్యూటరులోని బేస్ సింథసైజరు చేయునదియు ఇదే. పుల్లకు బదులు మీటలు ఉండును.

మరియొక ఉదాహరణ తంబురా. తీగలు ఆనుకొను గుర్రముపై, ఒక్కొక్క తీగ క్రింద చిన్న దారపు పోగు పెట్టుదురు. ఆ పోగును కొంచెము జరిపిన యెడల అదే తీగ, అదే శ్రుతి, కాని నాదము విప్పారును లేక మూసికొనును. దారమంత చిన్న మార్పుతో ధ్వని రంగు మారునని మన పెద్దలు ఎప్పుడో కనుగొనిరి.

ఈ యంత్రము పుట్టుక

1981లో జపాను దేశపు రోలాండ్ కంపెనీ టి.బి.-303 అను చిన్న పెట్టెను తయారు చేసెను. ఒంటరిగా గిటారు వాయించువానికి బేస్ వాయించు తోటివాడు లేనప్పుడు ఆ లోటు తీర్చవలెనని దాని ఉద్దేశము. మన సంఘముల అవసరము వంటిదే అది. కాని దాని ధ్వని నిజమైన బేస్ గిటారును పోలలేదు, కొనువారు తక్కువైరి, 1984లో తయారీ నిలిచిపోయెను.

అయినను కథ అక్కడ ముగియలేదు. బొంబాయి సినిమా వాద్యబృందములలో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో ఈ పెట్టెను, రోలాండ్ వారి మరి రెండు యంత్రములను కలిపి పది రాగములతో ఒక రికార్డు చేసిరి. అందులో భూపాలీ ఉన్నది. అది మన మోహనము. యమన్ ఉన్నది; అది మన కల్యాణికి దగ్గరిది. మాల్కౌంస్ ఉన్నది, అది మన హిందోళము. ఆ రికార్డు అప్పట్లో అంతగా అమ్ముడుపోలేదు. 2010లో తిరిగి విడుదలైన తరువాత ప్రపంచమంతట శ్రోతలు ఆశ్చర్యపడిరి. ఎందుకనగా అమెరికాలోని షికాగో యువకులు ఇదే పెట్టె మీటలను త్రిప్పి క్రొత్త సంగీతమును ప్రపంచమునకు వినిపించినది 1987లో. వారికి ఐదేండ్లు ముందే మన దేశపు వాద్యకారుడు ఆ పెట్టెతో స్వరముల మధ్య జారుడును రాగమునకు వాడుకొనెను. 1997లో స్వీడను దేశపు కంపెనీ ఒకటి ఈ పెట్టెను అనుకరించు రీబర్త్ అను సాఫ్ట్‌వేరును విడుదల చేసెను. నేడు ఎల్.బి. 302 కూడ అదే పద్ధతిలో నడచును.

ఇందులో మనము గ్రహించవలసినదేమి? గిటారును పోలలేదని ప్రక్కన పెట్టబడిన యంత్రమే, మీటలు తెలిసి త్రిప్పినవారి చేతిలో పనికివచ్చెను.

మొదటి మెట్టు: ముడి నాదము

ట్రిపుల్ ఆసిలేటర్‌ను తెరచి, రెండవ, మూడవ ఆసిలేటర్ల వాల్యూమును సున్నా చేయండి. మొదటిదానిని మాత్రమే వినండి. దానికి కొన్ని ఆకారములు కలవు. ఒకటవ కట్టె శ్రుతిలో మంద్ర షడ్జమము సుమారు 65 హెర్ట్జ్, అనగా సెకనుకు 65 కంపనములు. ఆ స్వరమును పట్టుకొని ఆకారములను ఒక్కొక్కటిగా మార్చండి.

సైన్: 65 ఒక్కటే వినబడును. నునుపైన ధ్వని. చిన్న స్పీకరులో దాదాపు వినబడదు.
సా, అనగా రంపపు పండ్ల ఆకారము: 65తో పాటు 130, 195, 260 ఇట్లు అన్ని రెట్లు కలిసి పలుకును. నిండైన, గరుకైన ధ్వని.
స్క్వేర్: 65, 195, 325 ఇట్లు బేసి రెట్లు మాత్రమే పలుకును. బోలుగా, గొట్టములో ఊదినట్లుండును.
ట్రయాంగిల్: ఇందులోను బేసి రెట్లే, కాని త్వరగా బలహీనపడును. సైన్‌కు, స్క్వేర్‌కు నడుమ ఉండును.

స్వరము మారలేదు, ధ్వని మారినది. పై రెట్లలో ఏవి ఎంత ఉన్నవి అన్నదే ధ్వని రంగు.

రెండవ మెట్టు: జల్లెడ

ఇక్కడ ఒక చిన్న ప్రయోగము చేయండి. ఒకే శ్రుతిలో "ఊ" అని పట్టి, శ్వాస విడువకుండ మెల్లగా "ఆ" అనండి, పిదప "ఈ" అనండి. గొంతులో శ్రుతి మారలేదు. నోటి ఆకారము కొన్ని రెట్లను ఆపి కొన్నిటిని వదలినది. సింథసైజరులో ఈ పని చేయు భాగమును ఫిల్టరు అందురు. మనము జల్లెడ అనుకొందము.

బేస్‌కు వాడునది లోపాస్ ఫిల్టరు. ఇది క్రింది ధ్వనులను వదలి పై ధ్వనులను ఆపును. ఎక్కడ ఆపవలెనో చెప్పు మీట పేరు కటాఫ్. సా ఆకారముతో కటాఫ్‌ను 200 హెర్ట్జ్ వద్ద ఉంచిన దూరపు మద్దెలవలె మెత్తగా ఉండును. 800 వద్ద తీగ మీటినట్లు స్పష్టమగును. 3000 దాటిన కందిరీగ రొదవలె ఉండును.

రెజొనెన్స్ అను మీట కటాఫ్ దగ్గరి ధ్వనిని మరింత ఎత్తి చూపును. కొంచెము పెంచిన ధ్వనికి ముక్కు వచ్చినట్లుండును. ఎక్కువ పెంచిన ఈల వేయును. పాటకు తోడుగా వాయించువారు దీనిని సగమునకు మించి పెంచకుండుట మంచిది.

మూడవ మెట్టు: ధ్వని పుట్టుక, నడక, ముగింపు

ఒక తీగను మీటిన తక్షణమే ధ్వని లేచి క్రమముగా తగ్గును. హార్మోనియములో బెల్లోసు నడచినంతవరకు నిలుచును. ధ్వని కాలములో ఎట్లు నడచునో నిర్ణయించు భాగము ఎన్వలప్. దీనికి నాలుగు ముఖ్యమైన మీటలు: అటాక్ అనగా లేచుటకు పట్టు సమయము; డికే అనగా తగ్గుటకు పట్టు సమయము; సస్టెయిన్ అనగా నిలుచు స్థాయి; రిలీజ్ అనగా మెట్టు విడిచిన పిదప ఆగుటకు పట్టు సమయము.

విశేషమేమనగా ఎన్వలప్‌ను వాల్యూముకే గాక కటాఫ్‌కు కూడ తగిలించవచ్చును. అప్పుడు ప్రతి స్వరము ఆరంభములో జల్లెడ తెరచుకొని వెంటనే మూసికొనును. "ఊ" అనువాడు ప్రతి సారి "వా" అని మొదలుపెట్టినట్లుండును. గిటారు తీగను మీటినప్పుడు జరుగునదియు ఇటువంటిదే: మీటిన క్షణమున పై రెట్లు బలముగా ఉండి ముందుగా చల్లారును, క్రింది నాదము నిలుచును. ఒక్క ఈ అమరికతోనే చవిలేని శబ్దము జీవము గలదగును.

నాలుగవ మెట్టు: జారుడు, ఊనిక

ఎల్.బి. 302ను తెరువండి. ఇందులో స్లైడ్ అను మీట కలదు. దానిని నొక్కిన ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు గెంతకుండ జారును. ఉరుము మూలుగు ఇక్కడ దొరకును. కాని ప్రతి స్వరమును జార్చిన వినువారికి తల తిరుగును. ఎనిమిది స్వరములలో ఒకటి రెండు జారిన చాలును.

ఊనిక అనగా కొన్ని స్వరములను బలముగా, కొన్నిటిని తేలికగా పలికించుట. ప్రతి స్వరపు బలమును వేరుగా పెట్టవచ్చును. మృదంగము వాయించువాడు అన్ని దెబ్బలు ఒకే బరువుతో కొట్టడు గదా!

ఐదవ మెట్టు: ఖాళీ

మా ఊరు పట్టుచీరల మగ్గములకు పేరుపొందినది. జకార్డు మగ్గముపై అట్టలు మార్చిన అదే పట్టు, అదే పడుగు, కాని అంచు మారును. అట్టలో రంధ్రము ఉన్న చోట ఒక విధముగా, లేని చోట మరియొక విధముగా పోగులు లేచును. లేనితనము కూడ నేతలో భాగమే. బేస్ వరుస కూడ అట్టివంటిదే.

ఆది తాళము ఎనిమిది అక్షరములకు మోహనములో ఈ వరుస వాయించండి: స, ఖాళీ, స, ఖాళీ, ప, ఖాళీ, ద, ప. మొదట ప్రతి స్వరమును అక్షరమంత నిడివి పట్టండి. పిదప సగము నిడివికి కోయండి. పిదప రెండవ "స"ను తీసివేయండి. శబ్దమును ముట్టుకొనకుండగనే మూడు వేర్వేరు నడకలు వచ్చును. క్రొత్త శబ్దము కొరకు వెదకుటకు ముందు నిడివిని మార్చి చూడవలెనని మా సలహా.

ఒక్క సింథసైజరు, ఐదు నాదములు

1. నిలకడ నాదము, విలంబ పాటలకు: ట్రయాంగిల్, కటాఫ్ 400, అటాక్ కొంచెము నెమ్మది, సస్టెయిన్ నిండుగా. తంబురావలె వెనుక నిలుచును.

2. మీటిన తీగ, మధ్య కాలపు పాటలకు: సా, కటాఫ్ 300, కటాఫ్‌కు ఎన్వలప్ తగిలించి డికే సెకనులో ఐదవ వంతు, సస్టెయిన్ తక్కువ.

3. గొట్టపు నాదము, హార్మోనియము ఉన్న పాటలకు: స్క్వేర్; కటాఫ్ 500; సస్టెయిన్ నిండుగా; రిలీజ్ కొద్దిగా. హార్మోనియము ఎడమచేతి స్వరములు దీనితో ఢీకొనకుండ చూడండి. ఇద్దరిలో ఒకరే క్రింద వాయించవలెను.

4. ఉరుము నాదము, చప్పట్ల పాటలకు: ఎల్.బి. 302లో సా, కటాఫ్ తక్కువ, రెజొనెన్స్ సగము, ఎన్వలప్ మోడ్ సగము, స్లైడ్ ఒకటి రెండు స్వరములకు మాత్రమే.

5. జంట నాదము, నిండు సమాజము పాడునప్పుడు: మొదటి ఆసిలేటర్ సా, రెండవది అదే స్థాయిలో సా, దాని శ్రుతిని లేశమాత్రము ప్రక్కకు జరుపండి. ఒకటి 65, రెండవది 65.5 అయిన యెడల రెండు సెకనులకు ఒకసారి ధ్వని ఉబ్బి తగ్గును. ఆ ఊపు వెడల్పునిచ్చును. ఎక్కువ జరిపిన శ్రుతి చెడును, పాడువారు తడబడుదురు.

పైన చెప్పిన అంకెలు ప్రారంభమునకు మాత్రమే. తుది నిర్ణయము మీ చెవిది.

మాటలు మునుగకుండుటకు

ఇప్పుడు రెండవ ఫిర్యాదునకు వచ్చెదము. బలమైన క్రింది ధ్వని తనకంటె పైనున్న సన్నని ధ్వనులను చెవిలో కప్పివేయును. మాటలలో అర్థమును నిలుపునవి హల్లులు: త, క, స, చ వంటివి. వాటి బలము చాలవరకు 2000 హెర్ట్జ్‌కు పైన ఉండును. వయస్సు పైబడినవారికి మొదట మందగించునది ఈ పై ధ్వనుల వినికిడియే. కావున బేస్ మితిమీరిన చోట యువకునికి పాట వినబడుచుండగా, ప్రక్కనున్న అవ్వకు మాటలు అందవు. ఆమె పాడక ఊరకుండుటకు ఇష్టము లేకపోవుట కారణము కాదు.

మూడు జాగ్రత్తలు చెప్పెదము.

ఒకటి, గది. సమానాంతర గోడల మధ్య దూరమునుబట్టి కొన్ని స్వరములు గదిలో ఉబ్బును. మూడు మీటర్ల వెడల్పు గదిలో సుమారు 57 హెర్ట్జ్, నాలుగు మీటర్లలో సుమారు 43. ఒక్క స్వరము మాత్రమే గుమ్మని మ్రోగుచున్నప్పుడు వాల్యూము మొత్తము తగ్గింపకుడి. ఆ ఒక్క స్వరపు బలమును తగ్గించండి. గోడ ప్రక్కను, గది నడుమను నిలిచి రెండు చోట్ల వినండి.

రెండు, చిన్న స్పీకరు. ఫోను స్పీకరులో 65 హెర్ట్జ్ పలుకదు. పలుకుటలేదని వాల్యూము పెంచిన స్పీకరు గరగరలాడును. దానికి బదులు సా ఆకారము తీసికొని కటాఫ్ పెంచండి, లేదా డిస్టార్షన్ కొంచెము కలపండి. 130, 195, 260 వినబడిన యెడల, అసలు 65 లేకున్నను చెవి దానిని ఊహించి పూరించుకొనును. దూరదేశములలో ఉన్న మన కుటుంబములకు ఫోనులో పాటను పంపువారు ఇది తప్పక తెలిసికొనవలెను.

మూడు, పరీక్ష. పాట నడుమ ఒక చరణమునకు బేస్‌ను పూర్తిగా ఆపండి. ఆపినప్పుడు సమాజపు గొంతు పెరిగిన యెడల, అంతవరకు బేస్ ఎక్కువగా ఉన్నదని అర్థము. ఆపినప్పుడు గొంతులు తడబడిన యెడల, బేస్ వారికి నిజముగా ఆసరాగా ఉన్నదని అర్థము. ఈ పరీక్షకు ఏ యంత్రము అవసరము లేదు. వెనుక వరుసలో కూర్చున్న పెద్దలను అడిగిన చాలును.

పునరభ్యాసము

1. సా ఆకారమునకును స్క్వేర్ ఆకారమునకును భేదమేమి? వినిపించి చూపండి.
2. "ఊ, ఆ, ఈ" ప్రయోగములో నోరు చేసిన పని సింథసైజరులో ఏ భాగము చేయును?
3. మీ సంఘములో తరచుగా పాడు మూడు పాటలు తీసికొని, ఒక్కొక్కదానికి పై ఐదింటిలో ఏ నాదము తగునో, ఎందుకు తగునో వ్రాయండి.
4. మీరు పాడు గది వెడల్పును కొలువండి. ఏ స్వరము ఉబ్బుచున్నదో కనుగొనండి.
5. ఒక వారము క్రొత్త శబ్దములేవియు దింపుకొనక, ఒక్క ట్రిపుల్ ఆసిలేటర్‌తోనే అన్ని పాటలకు వాయించండి.

పెద్దలకు ఒక మాట. పిల్లలు కంప్యూటరు ముందు గంటల కొలది మీటలు త్రిప్పుచున్న యెడల విసుగుకొనకుడి. ప్రక్కన కూర్చుండి, మాటలు వినబడుచున్నవో లేదో చెప్పండి. వారి చెవికి అందనిది మీ చెవి చెప్పును. పనికి వెళ్లిన మగవారు పండుగకు తిరిగి వచ్చిన దినమున ఆ బేస్ వాల్యూమును సగము తగ్గించి, క్రింది గొంతును వారికే అప్పగించండి.